పడిగె, పాట, పటం: కోయ డోలీల కళలో సొంత శైలి ప్రశ్న

వ్యాససంగ్రహం:

ఆధునిక చిత్రకళా విమర్శ ఒక కళాకారుడి పరిణతిని ‘సొంత శైలి’తో కొలుస్తుంది. మాధ్యమం మారినా చేతివాటం మారకపోవడాన్ని ఆ శైలికి గుర్తుగా భావిస్తుంది. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దుల్లోని కోయ డోలీల కళకు ఈ కొలమానం ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య కృషిని, మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ చిత్రకారుడు జంగఢ్ సింగ్ శ్యామ్ నడిచిన మార్గాన్ని పక్కపక్కన ఉంచి, డోలీ సంప్రదాయంలో వ్యక్తి ముద్ర గీతలో కాక కథన క్రమంలో ఉంటుందని ప్రతిపాదిస్తుంది. ఈ ప్రాంతం నుంచి చిత్రకళలోకి వస్తున్న కొత్త తరానికి ఈ తేడా ఎందుకు ముఖ్యమో చర్చిస్తుంది.

కీలకపదాలు: కోయ డోలీలు, పడిగె, సకిని రామచంద్రయ్య, జంగఢ్ సింగ్ శ్యామ్, సొంత శైలి, మాధ్యమం, ఆదివాసీ చిత్రకళ.

1. ప్రవేశిక

2022 గణతంత్ర దినోత్సవ సందర్భంగా ప్రకటించిన పద్మశ్రీ పురస్కారాల్లో, కళారంగం నుంచి తెలంగాణకు చెందిన దర్శనం మొగిలయ్యతోపాటు సకిని రామచంద్రయ్య పేరు కూడా ఉంది. మొగిలయ్య కిన్నెర అప్పటికే ఒక సినిమా పాట ద్వారా ఇంటింటికీ చేరింది. రామచంద్రయ్య విషయంలో మాత్రం పత్రికలకు ఒక ఇబ్బంది ఎదురైంది. ఆయనను ఏ కళాకారుడనాలి? కొందరు గాయకుడన్నారు. కొందరు కంచుమేళం, కంచుతాళం కళాకారుడన్నారు. మరికొందరు డోలు వాయించే వ్యక్తిగా పరిచయం చేశారు. ఈ పేర్లలో ఏదీ తప్పు కాదు, ఏదీ పూర్తిగా సరిపోదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలంలోని కూనవరం గ్రామానికి చెందిన ఆయన, చదవడం రాయడం రాకపోయినా, కోయల వంశగాథలను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడగలిగిన డోలీ. ఆ పాటకు డోలు, కంచు వాద్యాలు ఎంత అవసరమో, బొమ్మలున్న బట్ట కూడా అంతే అవసరం. ఆ బట్టే పడిగె.

పత్రికలకు ఎదురైన ఈ ఇబ్బంది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ చిత్రం, సంగీతం, కథనం, ఆరాధన అనే విభజనతో పనిచేసే విమర్శ పరిభాష ఇక్కడ చాలడం లేదని అది తెలియజేస్తుంది. ఒకే వ్యక్తి నాలుగు మాధ్యమాలను ఏకకాలంలో నడిపించే కళను ‘బహుమాధ్యమ కళ’ అని ఇవాళ్టి గ్యాలరీలు గౌరవిస్తాయి. అదే పనిని తరతరాలుగా చేస్తున్న డోలీని మాత్రం ‘జానపద కళాకారుడు’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాయి.

2. డోలీలు, పడిగె

కోయలు గోదావరి పరీవాహకంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రాల్లో విస్తరించి ఉన్నారు. వారి సామాజిక వ్యవస్థకు గట్లు ఆధారం. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ సాగే ఈ విభజన వివాహ సంబంధాలను, వేల్పులను, బంధుత్వాలను నిర్ణయిస్తుంది. ఎవరు ఏ గట్టువారో, ఆ గట్టుకు ఏ వేల్పు ఎలా వచ్చిందో, పూర్వీకులు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారో చెప్పవలసిన బాధ్యత డోలీలది. వేల్పుల కొలుపుల్లో, పెళ్లిళ్లలో, చావు దినాల్లో వారి పాట వినబడుతుంది. కాబట్టి డోలీ చెప్పేది కాలక్షేపపు కథ కాదు. పెళ్లి కుదరవచ్చునా కుదరకూడదా అన్న నిర్ణయానికి ఆధారమైన వంశపత్రం అది. కాగితం లేని సమాజంలో డోలీ గొంతే దస్తావేజు.

ఆ దస్తావేజుకు కనిపించే రూపం పడిగె. త్రికోణాకారపు బట్ట మీద గట్టు చరిత్రకు చెందిన మనుషులు, జంతువులు, చిహ్నాలు ఉంటాయి. వాడుకలో దీనిని పడగ అని కూడా అంటారు. కళాభిరుచితో చూసేవారు పడిగెను పటంగా పరిగణిస్తారు. చేర్యాల నకాషీ పటాలతో పోల్చడం కూడా పరిపాటే. ఈ పోలిక కొంతదూరమే వస్తుంది. నకాషీ పటం కథ చెప్పడానికి ఉపకరణం. దానిని గీసే నకాషీ కుటుంబం వేరు, దాని ముందు నిలబడి కథ చెప్పే కులం వేరు. పటం పాతబడితే మరొకటి గీయించుకుంటారు. పడిగె అలా కాదు, అది వేల్పు. మేడారం జాతరకు పూనుగొండ్ల నుంచి పెనక వంశీయులు కాలినడకన తీసుకువచ్చే పగిడిద్దరాజును గుర్తుచేసుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. అక్కడ భక్తులు చూసేది దేవుడి బొమ్మను కాదు, దేవుణ్ణే. పడిగెను ఎప్పుడు పడితే అప్పుడు విప్పరు. కొలుపు సమయంలో తీసి, పని ముగిశాక మళ్లీ చుట్టి దాచుతారు. సంవత్సరంలో అధికభాగం ఎవరికీ కనిపించకుండా ఉండే చిత్రం అది. ప్రదర్శనే చిత్రకళకు పరమార్థమని నమ్మే విమర్శకులు ఈ ఒక్క అంశం దగ్గర ఆగి ఆలోచించవలసి ఉంటుంది.

3. సొంత శైలి అనే కొలమానం

తెలుగునాట ఆధునిక చిత్రకళలో మాధ్యమాలు మారుతూ సొంత శైలిని నిలుపుకున్న వారికి కె. లక్ష్మాగౌడ్ మంచి ఉదాహరణ. 1940లో మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టిన ఆయన, హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద శిక్షణ పొందారు. రేఖాచిత్రం, ఎచింగ్, నీటిరంగులు, టెర్రకోట, కంచు, గాజుపై చిత్రణ, ఇలా ఆయన చేపట్టిన మాధ్యమాలు చాలా ఉన్నాయి. రాగిరేకు మీద సూదిమొనతో గీసిన మేకలోనూ, మట్టిలో మలచిన మనిషి ముఖంలోనూ ఒకే పదునైన, కొంత మొరటైన గీత కనిపిస్తుంది. ఊరి జ్ఞాపకం ఆయనకు వస్తువునిచ్చింది, గీత మాత్రం ఆయనదే. కాపు రాజయ్య మార్గం కొంత భిన్నం. సిద్దిపేటకు చెందిన ఆయన నకాషీ సంప్రదాయపు రంగులను, రూపాలను చిత్రంలోకి తెచ్చుకుని వాటిని తన ముద్రగా మలచుకున్నారు.

వీరిద్దరి విషయంలోనూ విమర్శ వాడిన కొలమానం ఒకటే. మాధ్యమం మారినప్పుడు ఏది మారకుండా మిగులుతుందో అదే శైలి. ఇది మంచి కొలమానమే. కానీ దీని వెనుక కొన్ని ముందస్తు అంగీకారాలు ఉన్నాయి. చిత్రం కింద ఒక వ్యక్తి సంతకం ఉంటుందని, ఆ వ్యక్తి తన వస్తువును తానే ఎంచుకుంటాడని, చిత్రాన్ని చూసేవాడు ఒంటరిగా, నిశ్శబ్దంగా చూస్తాడని అది ముందే ఒప్పుకుంటుంది. పడిగె విషయంలో ఈ మూడూ చెల్లవు. దాని మీద సంతకం ఉండదు. వస్తువు గట్టుది. చూపు ఎప్పుడూ పాటతో, జనంతో కలిసే ఉంటుంది. దీనిని బట్టి డోలీకి శైలి లేదని తేల్చడం తొందరపాటు. శైలిని వెదుకుతున్న చోటు సరైనదేనా అని ముందు అడగాలి.

4. పటన్‌గఢ్ నుంచి భోపాల్‌కు

ఈ ప్రశ్నకు మధ్యభారతంలో ఒక ప్రసిద్ధ సమాధానం ఉంది. గోండులకు పర్ధానులు వంశగాయకులు, కోయలకు డోలీలు ఎలాగో అలాగే. బానా అనే తంత్రీవాద్యం మీద బడాదేవ్‌ను కీర్తిస్తూ, గోండు దాతల ఇళ్లకు వెళ్లి గాథలు పాడటం వారి వృత్తి. ఒకప్పుడు వెరియర్ ఎల్విన్ నివసించిన పటన్‌గఢ్ గ్రామంలో, అలాంటి పర్ధాన్ కుటుంబంలో పుట్టిన జంగఢ్ సింగ్ శ్యామ్‌ను 1981లో చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం గుర్తించింది. ఇంటి గోడమీద బొమ్మలు వేస్తున్న ఆ యువకుడు భోపాల్ చేరాడు. 1982లో ప్రారంభమైన భారత్ భవన్‌లో ఆధునికుల చిత్రాలూ ఆదివాసీల చిత్రాలూ ఒకే సంస్థలో, సమాన హోదాతో ఉండాలన్నది స్వామినాథన్ పట్టుదల. అక్కడ జంగఢ్‌కు కాగితం, పోస్టర్ రంగులు, సిల్క్‌స్క్రీన్ అచ్చు అందుబాటులోకి వచ్చాయి. గోడ మీద మట్టితో ఎత్తుగా తీర్చే బొమ్మ కాగితంపై చుక్కలుగా, సన్నని గీతలుగా మారింది. పాటలోనే తప్ప బొమ్మలో ఎన్నడూ లేని దేవతలకు ఆయన ఆకారం ఇచ్చాడు. 1989లో పారిస్‌లో జరిగిన ‘మెజిసియాఁ ద లా తెర్’ ప్రదర్శన నాటికి ఆయన అంతర్జాతీయ కళాకారుడు.

ఇక్కడ గమనించవలసిన విచిత్రం ఒకటుంది. జంగఢ్ వ్యక్తిగతంగా కనుగొన్న శైలి ఆయన బంధువులకు, ఊరివారికి అలవడింది. కొందరు విమర్శకులు దానిని ‘జంగఢ్ కలమ్’ అన్నారు. బజారు మాత్రం ‘గోండు చిత్రకళ’ అని పేరు పెట్టింది. దాంతో ఒక మనిషి ఆవిష్కరణ కాస్తా తెగ వారసత్వంగా, అనాదిగా వస్తున్న కళగా ప్రచారమైంది. ఆ కలంలో పెరిగినవారిలోనూ మళ్లీ సొంత శైలులు పుట్టాయి. భజ్జు శ్యామ్ లండన్ అనుభవాలతో చేసిన ‘ది లండన్ జంగిల్ బుక్’ను చెన్నైలోని తారా బుక్స్ 2004లో ప్రచురించింది. అందులో బిగ్‌బెన్ గడియారం కోడిపుంజులో కలిసిపోతుంది. కాలం చెప్పేవి రెండూ ఒకటే కదా అన్నది పర్ధాన్ తర్కం. పాట మరుగున పడినా పాటలోని ఊహ బొమ్మలో బతికిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ కథను విజయగాథగా మాత్రమే చెప్పుకోవడం న్యాయం కాదు. జంగఢ్ 2001లో జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో, మిథిలా మ్యూజియంలో పనిచేస్తున్న కాలంలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఇంటికి దూరంగా, ఒప్పందానికి కట్టుబడి బొమ్మలు వేస్తున్న ఆదివాసీ కళాకారుడి స్థితి గురించి ఆ మరణం లేపిన ప్రశ్నలు నేటికీ చల్లారలేదు.

5. గోదావరి ఒడ్డున

పర్ధాన్ పాట పటంగా మారినప్పుడు, డోలీ పడిగె ఎందుకు మారలేదు? ప్రతిభలో తేడా ఉందనడానికి ఆధారం లేదు. సంస్థలో తేడా ఉంది. భోపాల్‌లో చిత్రకారులు ఊళ్లకు వెళ్లి చిత్రకారులను వెదికారు. గోదావరి ఒడ్డుకు వెళ్లినవారు ప్రధానంగా భాషా సాహిత్య పరిశోధకులు, మానవశాస్త్రవేత్తలు. 1940వ దశకంలో ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో తిరిగి కొండరెడ్ల గురించి రాశారు. తరువాతి కాలంలో జయధీర్ తిరుమలరావు వంటివారు డోలీల గాథలను సేకరించి అచ్చులోకి తెచ్చారు. ‘ఆద్యకళ’ పేరుతో ఆదివాసీ, జానపద వస్తువులను కాపాడారు. ఈ కృషి లేకపోతే రామచంద్రయ్య పేరు కూనవరం దాటేది కాదు. అయితే పరిశోధకుడి చేతిలో డోలీ కళ పాఠంగా మారింది. పాట నుంచి అక్షరానికి జరిగిన ఈ ప్రయాణంలో పుస్తకం మీద సంపాదకుడి పేరు ముందు ఉంటుంది, పాడినవాడు ‘వక్త’గా, ‘సమాచారదాత’గా మిగులుతాడు. ఈ పదాలను సిద్ధాంత గ్రంథాల్లో ఎంత అలవోకగా వాడుతున్నామో పరిశోధకులు ఒకసారి చూసుకోవాలి. జంగఢ్‌ను ఎవరూ సమాచారదాత అనలేదు.

పాలనాపరమైన కారణాలు కూడా తక్కువ కాదు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయింది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం ప్రత్యేక జిల్లా అయింది. ఒకే గట్టు బంధువులు రెండు రాష్ట్రాల, అనేక జిల్లాల జాబితాల్లోకి విడిపోయారు. డోలీ తన దాతల ఊళ్లకు నడిచే దారి మీద ఇప్పుడు రాష్ట్ర సరిహద్దు ఉంది. మణుగూరు చుట్టూ సింగరేణి బొగ్గుగనులు, భారజల కర్మాగారం, ఇటీవలి థర్మల్ కేంద్రం ఉన్నాయి. నదికి ఇటువైపు సారపాకలో పెద్ద కాగితపు మిల్లు ఉంది. చుట్టుపక్కల భూముల్లో పెరిగిన జామాయిల్ అక్కడ కాగితంగా మారి దేశమంతటా వెళుతుంది. జంగఢ్ జీవితాన్ని మార్చిన వస్తువు కాగితమే. అది తయారయ్యే చోట పుట్టిన కళ ఇంకా దాని మీదికి ఎక్కవలసే ఉంది.

ఈ ఖాళీని అరువు బొమ్మలు నింపుతున్నాయి. ‘గిరిజన కళ’ అనగానే తెలుగునాట కార్యాలయాల, బడుల గోడల మీద తరచు కనిపించేవి వర్లీ బొమ్మలు. మహారాష్ట్రలోని ఠాణే, పాల్ఘర్ ప్రాంతాల వర్లీలకు ఆ తెల్లని త్రికోణపు మనుషులు పవిత్రమైనవారే. కోయల ఇళ్లతో వారికి సంబంధం లేదు. కొంచెం శ్రద్ధ ఉన్నచోట కొమ్ముకోయ నృత్యం, రేల ఆట గోడమీదికి ఎక్కుతాయి. అడవిదున్న కొమ్ముల తలపాగా కోయలదే, అందులో సందేహం లేదు. కానీ పర్యాటక శాఖ క్యాలెండర్లలో అదొక్కటే కోయ సమాజానికి గుర్తుగా స్థిరపడటం వల్ల, కోయ కుటుంబం నుంచి లలితకళల కళాశాలకు వచ్చిన విద్యార్థి ఏ బొమ్మ వేసినా ‘కొమ్ములేవీ?’ అని అడిగే పరిస్థితి ఏర్పడుతుంది. తనది కాని చూపును తనదిగా ప్రదర్శించమని చేసే ఈ ఒత్తిడి, శైలి పుట్టకముందే దాన్ని తుంచేస్తుంది.

6. క్రమమే శైలి

డోలీ కళలో వ్యక్తి ముద్ర ఎక్కడ ఉందన్న ప్రశ్నకు తిరిగి రావాలి. పడిగె మీద బొమ్మలు పరిమితం. వాటి ఆధారంగా సాగే పాట గంటల తరబడి నడుస్తుంది. అంటే ప్రతి బొమ్మకూ దాని వెనుక చెప్పవలసిన కథకూ మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని నింపేవాడు డోలీ. ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలి, ఎక్కడ డోలు దెబ్బతో కథ మలుపు తిప్పాలి, కంచు వాద్యానికి ఎక్కడ చోటివ్వాలి, ఎదుట కూర్చున్న కుటుంబం ఏ గట్టుదో చూసి ఏ శాఖను విస్తరించాలి అన్న నిర్ణయాలన్నీ అతనివే. బొమ్మ సమష్టిది, బొమ్మల మధ్య ప్రయాణం వ్యక్తిది. లక్ష్మాగౌడ్ చిత్రంలో మాధ్యమం మారినా మిగిలేది గీత అయితే, డోలీ కళలో బట్ట నుంచి గొంతుకు, గొంతు నుంచి డోలుకు మారినా మిగిలేది ఈ క్రమం. అందుకే క్రమాన్నే డోలీ శైలిగా గుర్తించడం సమంజసం.

రామచంద్రయ్య ద్విభాషా గానాన్ని ఈ దృష్టితో చూడాలి. కోయ భాష గోండికి దగ్గరైన ద్రావిడ భాష. కోయలో పాడటం వంశస్థుల ముందు సాక్ష్యం చెప్పడం. తెలుగులో పాడటం బయటివారికి పరిచయం చేయడం. ఒకే గాథ రెండు భాషల్లోకి వచ్చినప్పుడు శ్రోత మారతాడు, శ్రోత మారితే ఏది వివరించాలో ఏది విడవాలో మారుతుంది. గట్టు పేర్లు కోయ శ్రోతకు ఒళ్లు జలదరింపజేసే పిలుపులు, తెలుగు శ్రోతకు వట్టి పేర్లు. ఈ రెండు సభలనూ ఒకే గొంతు నిర్వహించడం అనువాదం కంటే క్లిష్టమైన పని. సమ్మక్క, సారలమ్మల గాథ విషయంలో దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. మేడారం జాతర 1996 నుంచి రాష్ట్ర పండుగ. పాఠ్యపుస్తకాలు, సినిమాలు, పాటల సీడీలు ప్రచారం చేసిన కథ లక్షలమందికి తెలుసు. దాని పక్కన డోలీ నోట వంశగాథగా వినబడే కథ నిలబడాలంటే డోలీ తెలుగులోనూ పాడాలి. ఆ అవసరాన్ని గుర్తించి రెండు భాషల్లోనూ నిలబడిన ఆయన సంప్రదాయాన్ని మోసినవాడు మాత్రమే కాడు, దానికి కొత్త సభను వెదికినవాడు కూడా.

ఈ వాదానికి ఒక అభ్యంతరం ఉంది. క్రమాన్ని శైలి అంటే, అచ్చయిన పాఠంలో క్రమం నిలిచే ఉంది కదా, ఇంక పోయిందేమిటి? అచ్చులో నిలిచింది ఒక సందర్భంలో పాడిన ఒక క్రమం మాత్రమే. పడిగెను మడతపెట్టి దాచినట్లు, డోలీ అనేక క్రమాలను లోపల దాచుకుంటాడు. కొలుపుకు ఒకటి, పెళ్లికి ఒకటి, చావుకు ఒకటి. రామచంద్రయ్య 2025 జూన్‌లో మరణించారు. ఆయనతోపాటు వెళ్లిపోయినది గాథ కాదు, గాథలోంచి సందర్భానికి తగినదాన్ని ఎంచుకునే ఆ వివేకం. పద్మశ్రీ ఆ వివేకాన్ని గౌరవించింది కానీ దాన్ని మరొకరికి అందించే ఏర్పాటు పురస్కారాల పని కాదు. అది విశ్వవిద్యాలయాల, గిరిజనాభివృద్ధి సంస్థల పని. అవి ఇప్పటివరకు డోలీని వేదికమీదికి పిలిచి శాలువా కప్పినంత ఉత్సాహంగా, అతని దగ్గర నేర్చుకునే శిష్యుడికి భత్యం ఇవ్వడానికి ముందుకు రాలేదు.

7. కొత్త చిత్రకారుడి ముందు పడిగె

ఈ అటవీ సరిహద్దు నుంచి హైదరాబాద్‌లోని లలితకళల విభాగాలకు చేరే యువతకు ఇప్పుడు రెండు సులభమార్గాలు కనిపిస్తాయి. ఒకటి, పడిగెలోని బొమ్మలను కాన్వాస్ మీదికి ఎక్కించి ‘కోయ చిత్రకళ’ అని పేరు పెట్టడం. రెండోది, చుక్కలు పెట్టి గోండు బజారులో చేరిపోవడం. రెండో దారిలో శైలి మరొకరిది. మొదటి దారిలో ఇబ్బంది ఇంకా లోతైనది. పడిగె వేల్పు కాబట్టి, కొలుపు లేకుండా దాన్ని విప్పే హక్కు ఎవరికి ఉందన్న ప్రశ్నకు చిత్రకారుడు గట్టు పెద్దలకు జవాబు చెప్పుకోవాలి. జంగఢ్ కూడా రూపంలేని దేవతలకు రూపమిచ్చాడు కదా అనవచ్చు. అతడు అంతకుముందు లేని బొమ్మను కల్పించాడు. ఉన్న వేల్పు బట్టను నకలు చేయలేదు. ఆ తేడా చిన్నది కాదు.

పడిగె నుంచి తీసుకోదగినది బొమ్మలు కాదు, దాని వ్యాకరణం. త్రికోణపు బట్టలో చోటు ఒకవైపు వెడల్పుగా మొదలై మరోవైపు మొనగా ముగుస్తుంది. దీర్ఘచతురస్రపు కాన్వాస్‌కు అలవాటుపడిన కంటికి ఇది కొత్త కూర్పు. బొమ్మల వరుసను దృశ్యదూరం నిర్ణయించదు, వంశక్రమం నిర్ణయిస్తుంది. ముందు పుట్టినవాడు ముందు ఉంటాడు, దగ్గర ఉన్నవాడు కాదు. బొమ్మ అన్నీ చెప్పదు, గొంతుకు చోటు వదులుతుంది. చిత్రం ఎల్లప్పుడూ తెరిచి ఉండదు, తెరుచుకునే వేళ ఒకటుంటుంది. ఈ లక్షణాలతో వీడియోలో, ధ్వని స్థాపనలో, పుస్తకరూపంలో, అచ్చులో ఎన్ని ప్రయోగాలైనా చేయవచ్చు. మణుగూరు బొగ్గుగని చుట్టూ నివాసాలు మారిన కుటుంబాల వరుసను, 2014లో సరిహద్దు దాటిన ఊళ్ల పేర్లను త్రికోణంలో అమర్చి, వాటిని చదివే గొంతు లేకుండా చిత్రం పూర్తి కాదనే విధంగా ఒక రచన చేస్తే, అందులో కొమ్ముల తలపాగా లేకపోయినా అది పడిగె సంతతే అవుతుంది. వేల్పుకూ అపచారం జరగదు.

అయితే ఆ గొంతు ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. డోలీ దగ్గర కొన్నేళ్లు కూర్చుని వినకుండా ఈ వ్యాకరణం అలవడదు. పరిశోధకులు సేకరించి దాచిన ధ్వనిముద్రణలు చాలావరకు వ్యక్తుల ఇళ్లలో, విభాగాల బీరువాల్లో ఉన్నాయి. వాటి ప్రతులు ముందుగా చేరవలసింది పాడినవారి ఇళ్లకు, ఆ తరువాత చిత్రకళ నేర్చుకునే కోయ విద్యార్థులకు. పడిగె ఏ బొమ్మ దగ్గర ఆగినప్పుడు పాట ఎంతసేపు సాగిందో ఆ ముద్రణల్లో ఇంకా వినవచ్చు.